బోటులో జీపీఎస్ బిగించడం, వాడడం: గోదావరి డెల్టా బోటు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ నుంచి అంతర్వేది దాకా ఏ రేవులో బోటుకు జీపీఎస్ బిగించడానికి వెళ్ళినా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. బోటు నడిపే సరంగులు అడుగుతారు, ఓనర్లు అడుగుతారు, కొత్తగా ఫైబర్ బోటు కొన్న కుర్రాళ్ళు అడుగుతారు. రేవులో నిలబడి చెప్పింది సముద్రంలోకి వెళ్ళాక గుర్తుండదు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్నిటికి చిన్న జవాబు చాలు. మొగల గురించి, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల గురించి, వైరింగ్ గురించి మాత్రం కాస్త ఎక్కువ రాశాను, బోట్లు దెబ్బతినేది అక్కడే కాబట్టి.

జీపీఎస్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

బోటు ఈ క్షణాన ఎక్కడుందో, ఎంత వేగంతో ఎటు కదులుతోందో, టైం ఎంతైందో చెబుతుంది. అంతవరకే. అడుగున ఎన్ని బారల నీళ్ళున్నాయో, ముందు ఇసుక మేట ఉందో లేదో, చీకట్లో ఎదురుగా ఇంకో బోటు వస్తోందో దానికి తెలియదు. లోతు కావాలంటే ఎకో సౌండర్ వేరే పెట్టుకోవాలి. స్క్రీన్ మీద మ్యాపు కనిపించే రకం కొన్నా, అందులోని లోతులు ఎప్పుడో సర్వే చేసినప్పటివి. అవి ఇవాళ్టివి అనుకుని బోటు నడపకూడదు.

సిమ్ కార్డు వేయాలా? నెలనెలా డబ్బు కట్టాలా? సిగ్నల్ ఎంత దూరం వస్తుంది?

సిమ్ అక్కర్లేదు, బిల్లు ఉండదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ఎప్పటికప్పుడు తమ టైమూ తాము ఉన్న చోటూ రేడియోలో చెబుతూ ఉంటాయి. మీ పెట్టె ఆ మాటలు వింటుందే తప్ప తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే లెక్క కట్టి మీరున్న చోటు చెబుతుంది. తీరం నుంచి 5 కిలోమీటర్లయినా 300 కిలోమీటర్లయినా తేడా లేదు. తలపైన ఆకాశం తెరిపిగా ఉంటే చాలు.

తిరిగి ఏమీ పంపదన్న సంగతి ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పండి. బోటులో జీపీఎస్ ఉంది కాబట్టి ఒడ్డున ఎవరో చూస్తూనే ఉంటారని చాలామంది ఆడవాళ్ళు ధైర్యంగా ఉంటున్నారు. ఒడ్డుకు తెలియాలంటే ట్రాన్స్‌పాండరో, వీహెచ్‌ఎఫ్ రేడియోనో, ప్రమాద సంకేతం పంపే పరికరమో వేరే ఉండాలి.

గగన్, నావిక్ అంటారు. అవి మన పెట్టెలో వస్తాయా?

గగన్ అనేది జీపీఎస్ లెక్కను సరిచేసే మన దేశపు ఏర్పాటు. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి చేశాయి. దేశంలో అక్కడక్కడా ఉన్న స్టేషన్లు జీపీఎస్‌లో వచ్చే తప్పును కొలిస్తే, ఆ సవరణలు జీశాట్-8, జీశాట్-10 లాంటి ఉపగ్రహాల ద్వారా మనకు అందుతాయి. ఇప్పుడు దొరికే చాలా రిసీవర్లు దీన్ని అందుకోగలవు. మెనూలో ఎస్‌బీఏఎస్ అనో, పాత రకాల్లో వాస్ అనో ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఉపగ్రహాల పేజీలో 127 గానీ 128 గానీ కనిపిస్తే గగన్ అందుతున్నట్టే.

నావిక్ మన దేశపు సొంత ఉపగ్రహాల వ్యవస్థ. దాన్ని అందుకునేలా తయారైన రిసీవర్‌లోనే వస్తుంది. పాత పెట్టెలో మెనూ ఎంత వెతికినా దొరకదు.

ప్రభుత్వం ట్రాన్స్‌పాండర్ ఇస్తోంది కదా. ఇంకా జీపీఎస్ ఎందుకు?

దేశమంతటా లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. మీ బోటుకు వస్తే తప్పకుండా పెట్టించుకోండి. తీరానికి దూరంగా ఉన్నా అటూ ఇటూ చిన్న సందేశాలు వెళ్తాయి, వాతావరణ హెచ్చరిక తెలుస్తుంది, ఆపదలో మీట నొక్కవచ్చు. అయితే రాత్రి మొగలోకి తిరిగి రావడానికి సరంగు కళ్ళ ముందు పెద్ద అంకెలతో వెలిగే స్క్రీన్ ఉండాలి. ఆ పనికి జీపీఎస్సే కావాలి. ఒకటి ఉందని రెండోది తీసేయవద్దు.

చేతిలో పట్టుకునేది కొనాలా, బిగించేది కొనాలా?

కేబిన్ లేని ఫైబర్ బోటుకు చేతిలో పట్టుకునేది బాగుంటుంది. ఐపీఎక్స్7 అని రాసి ఉన్నది తీసుకోండి. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా పాడవకూడదని దాని అర్థం. తాడు కట్టి బోటుకు ముడి వేయండి. అదనపు బ్యాటరీలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. కేబిన్ ఉన్న మరబోటుకు బిగించేదే మేలు. యాంటెన్నా బయట ఉంటుంది, కరెంటు బోటు నుంచే వస్తుంది, చుక్కాని వదలకుండా చూడవచ్చు. నన్ను అడిగితే రెండోదానితో పాటు ఒక చిన్న హ్యాండ్ సెట్ కూడా ఉంచమంటాను. వైరింగ్ తడిసి అంతా ఆరిపోయిన రాత్రి ఒడ్డుకు చేర్చేది అదే.

ఫోన్‌లో జీపీఎస్ ఉంది కదా, అది చాలదా?

నెట్‌వర్క్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. ఆగిపోయేది మ్యాపు. ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే తెల్ల కాగితం మీద నీలం చుక్క కనిపిస్తుంది. పైగా ఎండలో స్క్రీన్ కనబడదు, తడి చేతికి టచ్ పనిచేయదు, వేడెక్కితే ఆగిపోతుంది. ఆపదలో పక్కన ఉండాల్సిన వస్తువే, కానీ దాన్నే నమ్ముకుని మొగ దాటవద్దు.

యాంటెన్నా ఎక్కడ పెట్టాలి? వీలైనంత ఎత్తున పెడితే మంచిదా?

ఎత్తున పెట్టడం వల్ల లాభం లేదు. ఉపగ్రహం 20,000 కిలోమీటర్ల పైన ఉంటే మనం రెండు మీటర్లు ఎక్కించి సాధించేదేమిటి? కావలసింది చుట్టూ ఆకాశం అడ్డం లేకపోవడం. కేబిన్ కప్పు మీద అర మీటరు పైపు వేసి దాని మీద పెడితే సరిపోతుంది.

మరీ ఎత్తున పెడితే నష్టం కూడా ఉంది. ఆరు మీటర్ల కొయ్య చివర యాంటెన్నా ఉందనుకోండి. బోటు 20 డిగ్రీలు పక్కకు వాలితే ఆ కొస రెండు మీటర్లు పక్కకు వెళ్తుంది, మళ్ళీ అటువైపు రెండు మీటర్లు. ఆ ఊపంతా బోటు నడకే అనుకుని జీపీఎస్ దిక్కును, వేగాన్ని ఎగరేసి చూపిస్తుంది. పిడుగుకు కూడా ముందు అందేది కొయ్య కొసే.

ఇంకొన్ని జాగ్రత్తలు. రాడార్ ఉంటే దాని తిరిగే ముఖానికి ఎదురుగా యాంటెన్నా రాకూడదు. వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాకు కనీసం మీటరు ఎడం ఉంచండి. యాంటెన్నా టోపీ మీద రంగు వేయవద్దు. ఏటా బోటుకు రంగు వేసే కుర్రాళ్ళు అలవాటుగా దానికీ ఒక చేయి వేసేస్తారు, లోహం కలిసిన రంగైతే సిగ్నల్ పడిపోతుంది. వలలు లాగే తాళ్ళు, ఎండబెట్టే చేపలు, టార్పాలిన్ దాని మీద పడని చోటు చూసుకోండి.

కేబిన్ కప్పు ఇనుప రేకండి. యాంటెన్నా లోపల పెట్టవచ్చా?

రేకు కింద పెడితే పనిచేయదు. ఫైబర్ కప్పు కింద పెడితే చాలాసార్లు పనిచేస్తుంది, తడిసినప్పుడు కాస్త బలహీనపడుతుంది. చెక్క కప్పు కూడా అంతే. బయట పెట్టే వీలుండగా లోపల పెట్టడం ఎందుకు?

యాంటెన్నా కేబుల్ పొడవు ఎక్కువైంది. కోసేయవచ్చా? తక్కువైతే అతుకు వేయవచ్చా?

మిగిలిన కేబుల్‌ను పెద్ద చుట్టగా చుట్టి కట్టేయండి, కోయవద్దు. టీవీ కేబుల్‌తో అతుకు వేసిన బోట్లు చూశాను, ఒక వానకే సిగ్నల్ పోయింది. పొడవు చాలకపోతే ఆ కంపెనీ అమ్మే పొడిగింపు కేబులే కొనండి. కేబుల్‌ను మడత పడేలా వంచకూడదు, మేకు కొట్టి బిగించకూడదు. కేబిన్‌లోకి దూరే రంధ్రం దగ్గర కిందికి ఒక వంపు వదలండి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, లోపలికి రాదు. బయట ఉన్న కనెక్టర్‌కు సాగదీసి చుట్టే రబ్బరు టేపు చుట్టండి. మామూలు ఇన్సులేషన్ టేపు మన ఎండకు నెలలోనే జిగురు వదిలేస్తుంది.

కరెంటు కనెక్షన్ ఎలా ఇవ్వాలి?

మొదట పెట్టె వెనక రాసినది చదవండి. 10 నుంచి 35 వోల్టుల వరకు తీసుకునేవి 12 వోల్టుల బోటుకూ 24 వోల్టుల బోటుకూ సరిపోతాయి. 12 మాత్రమే అని ఉంటే, 24 వోల్టుల బోటులో మధ్యలో కన్వర్టర్ పెట్టాలి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు లాగేసే పద్ధతి మన రేవుల్లో బాగా ఉంది. దాంతో ఒక బ్యాటరీ ఎప్పుడూ తక్కువ చార్జ్‌లో ఉండి, రెండోది ఎక్కువ చార్జ్ అయి, చివరికి రెండూ పోతాయి.

ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు. ఎర్ర తీగలో, బ్యాటరీకి దగ్గరగా, పుస్తకంలో చెప్పినంత ఫ్యూజ్ పెట్టాలి. సాధారణంగా రెండు మూడు ఆంపియర్లు ఉంటుంది. ఫ్యూజ్ జీపీఎస్ పక్కన పెడితే, మధ్యలో తీగ ఒరుసుకుపోయి షార్ట్ అయినప్పుడు అది కాపాడదు, తీగ అంటుకుంటుంది. ఫ్యూజ్ పోయిందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే అలవాటు దయచేసి మానండి. డీజిల్ ఉన్న బోటు అది.

కళాయి పూసిన రాగి తీగ వాడండి. ఇళ్ళకు వాడే తీగ ఉప్పు గాలికి లోపల్లోపలే చిలుము పట్టి నల్లబడుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, ఒక రోజు ఉన్నట్టుండి కరెంటు అందదు. మెలితిప్పి టేపు చుట్టడం కాకుండా తీగ కొసకు లగ్గు (లోహపు బిళ్ళ) పెట్టి నొక్కించండి. బ్యాటరీ టెర్మినల్ మీద వాజలిన్ రాయండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఎప్పుడూ పీకవద్దు. ఆ క్షణాన ఆల్టర్నేటర్ నుంచి ఎగిసే వోల్టేజీ జీపీఎస్‌నూ రేడియోనూ కలిపి కాల్చేయగలదు.

సెల్ఫ్ కొట్టగానే జీపీఎస్ ఆరిపోతోంది. పాడైందా?

పాడవలేదు. స్టార్టర్ మోటారు లాగే కరెంటుకు బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, 10 వోల్టుల కంటే దిగితే పెట్టె ఆగిపోతుంది. ఇంజన్ స్టార్ట్ అయ్యాకే జీపీఎస్ ఆన్ చేయడం ఒక దారి. జీపీఎస్‌కూ రేడియోకూ వేరే చిన్న బ్యాటరీ పెట్టడం ఇంకా మంచిది. ఇంజన్ బ్యాటరీ చచ్చిపోయిన రోజే కదా ఈ రెండూ అవసరమయ్యేది.

లైట్లు వేస్తే సిగ్నల్ పోతోంది. ఇదేం వింత?

వింత కాదు, ఈమధ్య ఎక్కువగా చూస్తున్నాను. చవక రకం ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు రేడియో రొద పుట్టిస్తాయి. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ చాలా సన్నగా ఉంటుంది, ఆ రొదలో కలిసిపోతుంది. ఉపగ్రహాల పేజీ తెరిచి పెట్టుకుని, బోటులోని వస్తువులను ఒక్కొక్కటే ఆపి చూడండి. ఏది ఆపగానే గీతలు లేస్తాయో అదే దోషి. దాన్ని మార్చండి, వీలుకాకపోతే యాంటెన్నాకూ దాని తీగలకూ ఎడం పెంచండి.

దిక్సూచి పక్కనే బిగిస్తే చూడటానికి బాగుంటుంది కదా?

బాగుంటుంది, కానీ దిక్సూచి తప్పు చూపుతుంది. ఎంత ఎడం ఉంచాలో జీపీఎస్ పుస్తకంలో రాసి ఉంటుంది. బిగించే ముందు ఒక పరీక్ష చేయండి. బోటును రేవుకు కట్టేసి, జీపీఎస్‌ను అనుకున్న చోట పట్టుకుని ఆన్ చేయండి, ఆఫ్ చేయండి. సూది కదిలిందంటే ఇంకా దూరం జరపండి. ఇనుప స్క్రూలకు బదులు ఇత్తడివి వాడండి.

జీపీఎస్ ఉండగా దిక్సూచి ఎందుకసలు?

జీపీఎస్ చూపేది బోటు కదిలే దిక్కు, బోటు ముక్కు ఉన్న దిక్కు కాదు. నీటి లాగుడు లేనప్పుడు రెండూ ఒకటే. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీరు దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి బలంగా లాగుతుంది. అప్పుడు ముక్కు ఒకవైపు, నడక ఒకవైపు. దిక్సూచి 270 చూపుతూ జీపీఎస్ 255 చూపుతోందంటే నీరు మిమ్మల్ని దక్షిణానికి తోస్తోందన్నమాట. ఈ తేడాను చదవడం వచ్చిన సరంగుకు డీజిల్ మిగులుతుంది. ఇంకో సంగతి, బోటు ఆగి ఉన్నప్పుడు జీపీఎస్ దిక్కు పిచ్చిగా తిరుగుతుంది. అది జబ్బు కాదు, కదలిక లేనప్పుడు చెప్పడానికి దానికి దిక్కే లేదు.

కొత్తది ఆన్ చేస్తే చాలాసేపటికీ పొజిషన్ రావడం లేదు.

మొదటిసారి ఓపిక పట్టాలి. ఆకాశం తెరిపిగా ఉన్నచోట బోటు కట్టేసి పావుగంట వదిలేయండి. ఉపగ్రహాల పూర్తి జాబితా అందడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. రెండోసారి నుంచి నిమిషంలోపే వస్తుంది. ప్రతిసారీ మొదటిసారిలాగే ఆలస్యమవుతూ, మీరు సేవ్ చేసుకున్న చోట్లు (పాయింట్లు) కూడా మర్చిపోతోందంటే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. టైం 5 గంటల 30 నిమిషాలు వెనక చూపిస్తుంటే మెనూలో మన టైం పెట్టలేదన్నమాట.

సెకండ్ హ్యాండ్ పెట్టె కొన్నాను. తేదీ 20 ఏళ్ళ వెనక్కి చూపిస్తోంది. మోసపోయానా?

జీపీఎస్ వారాలను 1023 వరకే లెక్కపెట్టి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. అలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి జరిగింది. పాత పెట్టెలు కొన్ని ఆ మలుపు తెలియక తేదీని 19 ఏళ్ళకు పైగా వెనక్కి చూపుతాయి. చాలావాటిలో పొజిషన్ మాత్రం సరిగానే ఉంటుంది. మీకు బాగా తెలిసిన రేవులో నిలబెట్టి అక్కడి అంకెలతో సరిపోల్చండి. సరిపోతే వాడుకోండి, తేదీని మాత్రం నమ్మకండి.

ఇంకో బోటు వాళ్ళు చెప్పిన పాయింట్ కొట్టాను. అక్కడికి వెళ్తే ఏమీ లేదు. ఎందుకని?

పది సార్లలో తొమ్మిది సార్లు కారణం అంకెలు రాసే పద్ధతి. ఒకే చోటును మూడు రకాలుగా రాయవచ్చు. మొత్తం డిగ్రీల్లో దశాంశంగా రాయవచ్చు, డిగ్రీలు నిమిషాలుగా రాసి నిమిషానికి దశాంశం పెట్టవచ్చు, డిగ్రీలు నిమిషాలు సెకన్లుగా రాయవచ్చు. "పదహారు, ముప్పై, యాభై" అని రేడియోలో వినబడిందనుకోండి. అది 16 డిగ్రీల 30.50 నిమిషాలా, 16 డిగ్రీల 30 నిమిషాల 50 సెకన్లా? ఈ రెంటికీ మధ్య ఆరు వందల మీటర్లకు పైగా తేడా. అదే 16.3050 డిగ్రీలని కొడితే 22 కిలోమీటర్ల అవతలికి పోతారు.

మన తీరంలో ఎక్కువమంది వాడేది నిమిషాలకు మూడు దశాంశాలు పెట్టే పద్ధతి. అందరూ అదే పెట్టుకోండి. చెప్పేటప్పుడు "పదహారు డిగ్రీలు, ముప్పై పాయింట్ అయిదు సున్నా సున్నా నిమిషాలు, ఉత్తరం" అని పూర్తిగా చెప్పండి. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. చివరి అంకె ఒకటి మారితే రెండు మీటర్ల లోపు తేడా. ఈ లెక్క తెలిస్తే ఎక్కడ తప్పు జరిగిందో మీరే పట్టుకోగలరు.

మెనూలో మ్యాప్ డేటమ్, అంటే అంకెలు లెక్కకట్టడానికి పెట్టె తీసుకునే ఆధారం, డబ్ల్యూజీఎస్ 84 అని ఉండాలి. ఎవరైనా దాన్ని ఇండియన్ అని మార్చి ఉంటే మీ అంకెలు సుమారు రెండు వందల మీటర్లు తప్పుతాయి. మొగలో రెండు వందల మీటర్లంటే దారికీ దిబ్బకీ ఉన్న తేడా.

పోయినేడాది మొగ దాటిన ట్రాక్ సేవ్ అయి ఉంది. దాని మీదే రావచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

ధవళేశ్వరం బ్యారేజీ దాటిన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద మోసుకొచ్చే మట్టీ ఇసుకా మొగల్లో దిగబడతాయి. సముద్రం దాన్ని మళ్ళీ అటూ ఇటూ నెడుతుంది. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక నీటిమట్టం 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మూడో హెచ్చరిక దాకా వెళ్ళిన వరద తర్వాత మొగ పాతదే అనుకోవడం ప్రాణాంతకం. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దిగినప్పుడు ఎంత ఇసుక కదిలి ఉంటుందో ఊహించండి. పెద్ద తుఫాను కూడా ఒక్క రాత్రిలో దారి మార్చేస్తుంది.

జీపీఎస్‌లో ట్రాక్ మాత్రం మారదు. నిరుడు నీళ్ళున్న చోట గీత గీసి, ఇవాళ కూడా అంతే నమ్మకంగా చూపిస్తుంది. అందుకని నేను చెప్పే పద్ధతి ఇది. వరద తగ్గాక మొదటిసారి పగటిపూట, పోటు ఎక్కుతున్నప్పుడు, ఎకో సౌండర్ గానీ గడ గానీ చేతిలో పెట్టుకుని, నెమ్మదిగా మొగ దాటండి. పోటు ఎక్కేటప్పుడు బోటు ఆనినా నీరు లేపుతుంది. పాటు తీసేటప్పుడు ఆనితే అలలు కొడుతుండగా గంటల తరబడి అక్కడే ఉండాలి. దాటేటప్పుడు కొత్త ట్రాక్ రికార్డు చేయండి. దానికి నెల, తేదీ కలిపి పేరు పెట్టండి. పాత ట్రాక్ చెరిపేయండి, లేకపోతే రాత్రి అలసిన కళ్ళకు ఏది కొత్తదో తెలియదు. ఆ రోజు ఎన్ని బారల నీళ్ళున్నాయో పుస్తకంలో రాయండి.

ఆ రేవు పెద్ద సరంగులను అడగండి. నీటి రంగు, అల విరిగే చోటు, పక్షులు వాలే దిబ్బ చూసి దారి చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు చెప్పింది పెట్టెలో పాయింట్లుగా ఎక్కించుకుంటే పనికొచ్చే జీపీఎస్ తయారవుతుంది.

కాకినాడకు గో-టూ కొడితే నేరుగా గీత చూపిస్తోంది. ఆ గీత మీదే పోవచ్చా?

గో-టూ చూపేది కాకి ఎగిరే దారి. భైరవపాలెం ఎదురుగా సముద్రంలో ఉండి కాకినాడ హార్బర్‌కు గో-టూ కొడితే ఆ గీత హోప్ ఐలాండ్‌ను అడ్డంగా కోస్తుంది. ఆ ఇసుక దీవి పొడవు సుమారు 16 కిలోమీటర్లు, కాకినాడ అఖాతానికి గోడలా ఉంటుంది. బోటు దాని ఉత్తర కొన చుట్టి రావాలి. ఆ కొన కూడా ఏళ్ళ తరబడి ఉత్తరానికి పెరుగుతూ వచ్చింది. కాబట్టి ఒక్క పాయింట్ కాకుండా, కొనకు బాగా ఎడంగా సముద్రంలో ఒకటి, అఖాతంలోకి తిరిగే చోట ఒకటి, హార్బర్ ముఖద్వారం దగ్గర ఒకటి పెట్టి రూట్ తయారు చేసుకోండి. ఆ దారిలో లంగరేసిన పెద్ద ఓడలు, వాటి దగ్గరికి తిరిగే బార్జీలు ఉంటాయి, కాపలా మనిషి ముందు నిలబడి ఉండాలి.

మ్యాపులో నా బోటు నేల మీద ఉన్నట్టు కనిపిస్తోంది.

ఉప్పాడ దగ్గరైతే మ్యాపు పాతదై ఉంటుంది. అక్కడ సముద్రం ఊరి నేలను ఏళ్ళుగా కోసుకుపోతోంది. ఒకప్పటి వీధుల మీద ఇప్పుడు నీళ్ళున్నాయి. డేటమ్ సరిగా ఉండి, రేవులో అంకెలు సరిపోతుంటే పొజిషన్‌నే నమ్మండి, మ్యాపు గీతను కాదు.

పెట్టె సరిగ్గా చెబుతోందని ఎలా తెలుసుకోవాలి?

బయలుదేరే ముందు ప్రతిసారీ రేవులో అంకెలు చూడండి. మీ రేవు అంకెలు కేబిన్ గోడ మీద రంగుతో రాసి పెట్టుకోండి. సముద్రంలో రాత్రి అంతర్వేది, సాక్రమెంటో, వాకలపూడి లైట్‌హౌస్‌లలో ఏది కనిపించినా దిక్సూచితో దాని దిక్కు చూసి, జీపీఎస్ చెప్పే దిక్కుతో పోల్చండి. ఉపగ్రహాల పేజీలో హెచ్‌డీఓపీ అంకె పొజిషన్‌ను ఎంత నమ్మవచ్చో చెబుతుంది. అది రెండు లోపు ఉంటే మంచిది, అయిదు దాటితే జాగ్రత్త.

గ్యాస్ ప్లాట్‌ఫారాల దగ్గర చేప బాగా ఉంటుంది. ఎంత దగ్గరికి వెళ్ళవచ్చు?

ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్లు నిషిద్ధం. అడుగున పైపులు ఉంటాయి, వల పట్టేస్తే మీకూ ప్రమాదమే. వాటిని పాయింట్లుగా పెట్టి ఒక మైలు దూరంలోనే మోగేలా అలారం పెట్టుకోండి. చిన్న పడవల కోసం కేటాయించిన తీరం నుంచి 8 కిలోమీటర్ల నీళ్ళకు కూడా మరబోటు వాళ్ళు ఇలాగే ఒక గీత పెట్టుకుంటే తగాదాలు తగ్గుతాయి. 8 కిలోమీటర్లంటే నాలుగుంపావు నాటికల్ మైళ్ళకు కాస్త ఎక్కువ.

మనిషి నీళ్ళలో పడితే జీపీఎస్ ఏం చేస్తుంది?

ఎం.ఓ.బి అని మీట ఉంటుంది. నొక్కి పట్టుకుంటే ఆ క్షణంలో బోటు ఉన్న చోటు గుర్తుపెట్టుకుని దారి చూపిస్తుంది. ఎనిమిది నాట్ల వేగంతో పోయే బోటు నిమిషంలో దాదాపు 250 మీటర్లు దాటిపోతుంది, అందుకే ముందు మీట, తర్వాత కేక కాదు, రెండూ ఒకేసారి. పెట్టెలో గుర్తు అక్కడే ఉంటుంది, మనిషి మాత్రం నీటి లాగుడుతో కొట్టుకుపోతాడు. గుర్తు దగ్గరికి చేరాక నీరు లాగే వైపు వెతకండి. ఈ మీట ఎక్కడుందో కళాసీలందరికీ తెలియాలి. పడేది సరంగే కావచ్చు.

ఆపదలో ఎవరికి, ఏం చెప్పాలి?

వీహెచ్‌ఎఫ్ 16వ చానల్. ఫోన్ అందితే కోస్ట్‌గార్డ్ 1554. ముందు బోటు పేరు, తర్వాత అక్షాంశం రేఖాంశం, తర్వాత ఏం జరిగిందో, ఎంతమంది ఉన్నారో. అంకెలు రెండుసార్లు చెప్పండి. మీ రేడియోకు ప్రమాద సంకేతం పంపే డీఎస్‌సీ ఎర్ర మీట ఉంటే జీపీఎస్ నుంచి దానికి తీగ కలపండి, అప్పుడు మీట నొక్కగానే పొజిషన్ దానంతటదే వెళ్తుంది. తీగ కలపని రేడియో ఆపదలో ఉన్నామని చెబుతుంది కానీ ఎక్కడున్నామో చెప్పదు.

తుఫాను వస్తుందని జీపీఎస్ చెబుతుందా?

చెప్పదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుఫానులో సముద్రం మీదున్న ఎందరో తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఆ లోటు ఇంకా మాట్లాడుకుంటారు. రేడియో వినండి, సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ తెలుగులో ఇచ్చే హెచ్చరికలు చూడండి. జీపీఎస్ చేసేది ఒక్కటే. తిరగమన్నాక ఒడ్డుకు ఎన్ని గంటలు పడుతుందో లెక్క చెబుతుంది. ఆ గంటలు చూసుకుని తిరగండి.

నదిలో, కోరంగి మడ అడవుల్లో తిప్పే బోట్లకు పనికొస్తుందా?

పనికొస్తుంది. సన్నని కాలువల్లో చెట్లు పైన కమ్ముకున్నచోట సిగ్నల్ తగ్గుతుంది, వంతెన కింద ఒక్క క్షణం పోతుంది. మంచులో పంటు నడిపేవాళ్ళకు, పొగమంచు ఉదయాల్లో లంకలకు సరుకు తీసుకెళ్ళేవాళ్ళకు ట్రాక్ చాలా ధైర్యం. యానాం-ఎదుర్లంక వారధి లాంటి వాటి కింద వెళ్ళే బోటైతే యాంటెన్నా కొయ్య మడిచేలా బిగించుకోండి. వరద రోజుల్లో నీరు పెరిగితే వంతెన కింద ఖాళీ తగ్గిపోతుంది.

మా సరంగుకు చదువు రాదు. నేర్చుకోగలరా?

నేర్చుకుంటారు, నేర్పిన అనుభవంతో చెబుతున్నాను. చుక్కలు చూసి రేవుకు చేరినవాళ్ళకు గీత మీద బోటు బొమ్మను నిలపడం కష్టమేమీ కాదు. పాయింట్లకు పేర్లకు బదులు బొమ్మలు పెట్టండి. రేవుకు లంగరు, వల పట్టేసే చోటుకు పుర్రె, చేప చోటుకు చేప. అంకెలు చదవడం ఒక కళాసీకి అప్పగించండి. బటన్లు నేర్పేటప్పుడు ఆయన్ని తొందరపెట్టకండి, పదిమంది ముందు తప్పు పట్టకండి.

పాయింట్లు పోకుండా ఎలా?

పుస్తకంలో రాయండి. పెట్టె నీళ్ళలో పడ్డా, దొంగ ఎత్తుకుపోయినా ఇరవై ఏళ్ళ చేప చోట్లు మిగులుతాయి. ఎస్‌డీ కార్డు పెట్టే వీలుంటే ఒక కాపీ ఇంట్లో కూడా ఉంచండి.

సర్వీసింగ్ ఎప్పుడు చేయించాలి?

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఉంటుంది. వలలు బాగుచేసుకునే మే నెలలోనే దీని పనీ పెట్టుకోండి. కనెక్టర్లు విప్పి మంచినీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టి మళ్ళీ టేపు చుట్టాలి, ఫ్యూజ్ పట్టు చూడాలి, తీగ కొసల్లో చిలుము ఉంటే కోసి కొత్త లగ్గు వేయాలి. స్క్రీన్‌ను డీజిల్ గుడ్డతో తుడవవద్దు, ప్లాస్టిక్ పొగచూరినట్టు అయిపోతుంది. జూన్ 12న, 13న అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు, ఆ రెండు రోజుల్లో ఏ బోటుకూ నింపాదిగా పని జరగదు. బిగించాక ఒక పూట అఖాతంలోనో పాయలోనో తిప్పి చూసుకునేంత వ్యవధి ఉంచుకుని పిలవండి.